మాల్టాలో బయట తినడం గురించి, కొత్తగా వస్తున్నవాళ్ళకి

"అక్కా, అక్కడ వెజ్ దొరుకుతుందా, సూట్‌కేస్ నిండా పచ్చళ్ళే తెచ్చుకోవాలా" అని చాలామంది అడుగుతున్నారు. ఆవకాయ, గోంగూర తెచ్చుకోండి, కానీ చికెన్ పచ్చడి, నెయ్యి వద్దు, ఈయూ బయట నుంచి మాంసం, పాలతో చేసినవి లగేజీలో తేవడానికి ఒప్పుకోరు. వచ్చాక మాత్రం బిర్యానీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చోకండి, ఈ ఊరి తిండి మన నోటికి మీరనుకున్నదానికంటే బాగా పడుతుంది.

ముందు మీకు కనిపించేది పస్టిట్సి. పొరలు పొరలుగా పఫ్ లాగా ఉంటుంది, లోపల రికోటా చీజ్ గానీ బఠాణీ ముద్ద గానీ పెడతారు, బఠాణీది చాలాచోట్ల కొంచెం కర్రీ పౌడర్ వాసన వస్తుంది, చాలా చవక, స్టూడెంట్లకి పొద్దున టిఫిన్ అదే. నేను కొత్తలో వెజ్ అనుకుని నెలరోజులు తిన్నా, తర్వాత ఒక షాపులో అడిగితే పిండిలో వేసేది పంది కొవ్వు అన్నారు, ఆ రోజు చాలా బాధపడ్డాను. అన్నిచోట్లా అలా చెయ్యరు, మార్గరీన్ వేసేవాళ్ళూ ఉన్నారు, అందుకే "లార్డ్ ఉందా" అని సూటిగా అడగండి. ఇంగ్లీష్ ఇక్కడ అధికార భాషే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఫ్తీరా అని రింగులా ఉండే రొట్టె ఉంది, 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. టమాటా పేస్ట్, ఆలివ్ నూనె, కేపర్లు (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు) వేసి ఇస్తారు, ట్యూనా కూడా పెట్టేస్తారు కాబట్టి వద్దనుకుంటే ముందే చెప్పాలి. పక్కనే ఉన్న గోజో దీవిలో అదే పేరు చెబితే బంగాళాదుంప ముక్కలు పరిచి పిజ్జాలా కాల్చింది వస్తుంది, కంగారుపడకండి. ఇక బిజిల్లా, ఫావా బీన్స్ జాతి గింజలు ఉడికించి వెల్లుల్లి, మిరపకాయ వేసి మెదిపింది, రొట్టెతో తింటే నాకు ఇంట్లో పప్పు పచ్చడే గుర్తొస్తుంది. ఒక్క మాట, జీ6పీడీ లోపం (పుట్టుకతోనే రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్ళు ఈ గింజలు అస్సలు ముట్టుకోకూడదు, రక్తకణాలు దెబ్బతింటాయి, ఇంట్లో ఎవరికైనా ఉంటే గుర్తుపెట్టుకోండి.

రెస్టారెంట్లో వెజ్ కావాలంటే కపునాటా అడగండి, వంకాయ, కాప్సికమ్, టమాటా, ఆలివ్‌లతో చేస్తారు. సూప్ అయితే కూరగాయలదే అయినా ఉడికించిన నీళ్ళు మాంసానివి కావచ్చు, అదీ అడగాలి. బీఫ్ తిననివాళ్ళు బ్రజోలీ వదిలేయండి, తింపానా అని మాకరోనీని పిండి పొరలో పెట్టి కాల్చే వంటకంలో కూడా కీమా ఉంటుంది. ఫెనెక్ అంటే కుందేలు, ఇక్కడివాళ్ళకి పండగ భోజనం లాంటిది, ఎవరైనా ఇంటికి పిలిచి వడ్డిస్తే తినకపోయినా మర్యాదగా చెప్పండి, ఏమీ అనుకోరు.

చేప తినేవాళ్ళకి మాత్రం ఆగస్టు చివర నుంచి లంపూకి అనే చేప సీజన్. తాటి మట్టల్లాంటి ఆకులతో తెప్పలు కట్టి సముద్రంలో వదిలితే ఆ నీడకి చేపలు చేరతాయి, అలా పడతారు. ఆదివారం పొద్దున్నే మార్సష్లోక్ అనే జాలర్ల ఊళ్ళో సంతకి వెళ్ళండి, కొనకపోయినా చూసి రండి.

తాగడానికి కిన్నీ అనే కూల్‌డ్రింక్, చేదు నారింజతో చేసేది, 1952 నుంచి ఉంది, మొదటి గుక్క నచ్చదు, రెండోసారి చల్లగా తాగి చూడండి. తిరిగొచ్చేటప్పుడు రాజధాని వలెట్టాలో ఇమ్ఆరెత్ కొనుక్కోండి, ఖర్జూరం పెట్టి నూనెలో వేయిస్తారు, వేడివేడిగా ఇస్తారు, లోపల బాగా కాలుతుంది, ఒక్క నిమిషం ఆగి కొరకండి.