డాక్టర్ సలహా: ‘నేను లేకపోతే మీకు ఫీజుల బాధ తప్పుతుంది’ అంటున్నాడు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా బాబుకు 17 ఏళ్లు. పదో తరగతి దాకా ఇక్కడే ఒడియా మీడియంలో చదివాడు. ఇప్పుడు విశాఖలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. రాత్రి రెండు దాటినా నిద్రపోడు. మొన్న అన్నం తింటూ ‘నేను లేకపోతే మీకు ఫీజుల బాధ తప్పుతుంది’ అన్నాడు. ఆ సంగతి కదిపితే లేనిపోని ఆలోచన మేమే పుట్టించినట్టవుతుందని ఊరుకున్నాం. సోమవారం తిరిగి పంపాలి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, సోమవారం పంపకండి. మానసిక వైద్యులు చూసేదాకా బాబు మీ దగ్గరే ఉండాలి. బాబుతో ఈ రోజే మాట్లాడండి.

అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంది. అది నిజం కాదు. నేరుగా అడిగినంత మాత్రాన ఆత్మహత్య ఆలోచనలు పెరగవని పరిశోధనల్లో తేలింది. ఎవరైనా అడిగితే బాగుండునని లోలోపల ఎదురుచూసే పిల్లలూ ఉంటారు. టీవీ ఆపేసి, ఫోన్ పక్కన పెట్టి, మీరిద్దరే ఉన్నప్పుడు ‘నాన్నా, మొన్న నువ్వన్న మాట నా మనసులోంచి పోవట్లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడగండి. ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అంటే మాత్రం ‘లేవు’ అనే చెబుతాడు. అవునంటే, ఎప్పటినుంచి అలా అనిపిస్తోందో, ఏం చేసుకోవాలో కూడా ఆలోచించాడా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించాడా అన్నది ఒక్కొక్కటిగా అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. ‘నీకేం తక్కువ చేశాం?’ అనవద్దు. ఫీజుల గురించి కుమిలిపోతున్న పిల్లాడికి ఆ మాట ఇంకో బాకీలా వినిపిస్తుంది.

ఏం చేసుకోవాలో అనుకున్నానన్నా, ఇంతకుముందు ప్రయత్నించానన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, రాత్రి పక్కనే ఒకరు పడుకోండి. మీకు దగ్గర్లో శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఇటు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఇంట్లోని మాత్రలు, పొలం మందులు ఇప్పుడే వేరే ఇంటికి చేర్చండి. చనిపోవాలన్న ఉద్ధృతి చాలామందిలో కాసేపు ఉండి తగ్గిపోతుంది. ఆ కాసేపు ప్రమాదకరమైనవి చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఇక కారణాలు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. అన్నిటికీ మార్కులే కారణం అనుకోవడం పొరపాటు. అన్నిటికన్నా పెద్ద ముప్పు సూచన గతంలో ప్రయత్నించి ఉండటం. వైద్యం అందని డిప్రెషన్, కుటుంబంలో ఎవరైనా ఆత్మహత్య చేసుకుని ఉండటం, మద్యం, మత్తు, ర్యాగింగ్, లైంగిక వేధింపులు, ప్రేమలో దెబ్బతినడం కూడా ముప్పు పెంచుతాయి. వీటిలో రెండు మూడు కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. నిద్రలేమిని తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

మీ సరిహద్దు ఊళ్ల పిల్లల విషయంలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, హాస్టల్లో ఇంగ్లిష్. ఫిజిక్స్ మాటలన్నీ ఒడియాలో నేర్చుకున్న పిల్లాడు అక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం తడబడుతుంది, యాసను తోటివాళ్లు వెక్కిరిస్తారు. ఊళ్లో ఫస్ట్ వచ్చినవాడి పేరు వారం పరీక్షల ర్యాంకుల పట్టీలో అడుగున కనిపిస్తుంది. అది భాష బరువని తెలియక, తనకు బుర్ర లేదనుకుంటాడు. బాబు విషయంలో ఇదే జరుగుతోందేమో అడిగి తెలుసుకోండి.

డాక్టరు ముందు మాట్లాడి, అవసరమైతే థైరాయిడ్, హిమోగ్లోబిన్ లాంటి రక్తపరీక్షలు చేయిస్తారు. డిప్రెషన్ ఉంటే కౌన్సెలింగ్, అవసరాన్ని బట్టి మందులు ఇస్తారు. మందుల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. 25 ఏళ్లలోపు వారిలో కొందరికి మొదటి వారాల్లో అలజడి, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని పూటకు పూట ఇవ్వండి. తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. కాస్త తేరుకున్నాడని మీ అంతట మీరు ఆపేయకండి. కొంతసేపు బాబుతో ఒంటరిగా మాట్లాడమని డాక్టరును కోరండి. మీ ఎదుట చెప్పలేనివి ఉండొచ్చు.

అర్ధరాత్రి సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ప్రాణాపాయం ఉంటే 112కి చేయండి. పోలీసు కేసవుతుందన్న భయంతో దాచొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

డాక్టరు సరేనన్నాకే చదువు సంగతి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, మార్కుల పేరిట పిల్లల్ని నలుగురిలో అవమానించకూడదనీ 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. కాలేజీకి వెళ్లి, మీ బాబు బాధ్యత చూసే కౌన్సెలర్ ఎవరో, రాత్రిపూట ఏ నంబరుకు చేయాలో రాయించుకోండి. సూటిగా జవాబు రాకపోతే ఈ ఏడాదికి ఇంటి నుంచి వెళ్లి చదువుకునే కాలేజీ చూడండి.