టెక్ సందేహాలు: ఒక్కదాన్నే హైదరాబాద్ వస్తున్నా, ఫోన్‌లో ఏమేం పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. కోర్సులో చేరడానికి మొదటిసారి ఒంటరిగా హైదరాబాద్ వస్తున్నాను. అమీర్‌పేటలో హాస్టల్ మాట్లాడుకున్నాను. నాది పాత ఆండ్రాయిడ్ ఫోన్, చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతుంది. నెట్ పోతే ఎలా, ఫోన్ ఆగిపోతే ఎలా, ఎవరైనా లాక్కుపోతే ఎలా అని ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు. ఏ యాప్‌లు వేసుకోమంటారు?

జవాబు: కొత్త యాప్‌లు రెండు మూడు చాలు. అసలు పనంతా రైలెక్కే ముందు రోజు ఇంట్లో, నెట్ బాగా వస్తున్నప్పుడు, పక్కన అమ్మానాన్న ఉండగా చేసుకోవాలి. స్టేషన్ బయట ఆటోవాళ్లు చుట్టూ చేరి "ఎక్కడికమ్మా, ఎక్కడికి" అని అడుగుతుంటే అక్కడ నిలబడి యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం, ఓటీపీ కోసం ఎదురుచూడటం... మీరు భయపడుతున్న టెన్షన్‌లో సగం అక్కడే పుడుతుంది.

ముందుగా టికెట్ తీసి ఏ స్టేషన్ అని రాసి ఉందో చూడండి. హైదరాబాద్ అంటే సికింద్రాబాద్ ఒక్కటే కాదు, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, ఇప్పుడు చర్లపల్లి కూడా. సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని రైళ్లను 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్‌కి మార్చారు, చుట్టాలు పాత అలవాటుతో "సికింద్రాబాద్‌లో దిగెయ్" అని చెప్తే నమ్మేయకండి. సికింద్రాబాద్‌లో దిగితే పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్ ఉంది, బ్లూ లైన్‌లో రాయదుర్గం వైపు వెళ్లే రైలెక్కితే ఎక్కడా మారకుండా అమీర్‌పేటలో దిగొచ్చు. చర్లపల్లికి మెట్రో లేదు, బస్సులోనో ఆటోలోనో ఉప్పల్ లేదా హబ్సిగూడ దాకా వచ్చి అదే బ్లూ లైన్ ఎక్కాలి. మెట్రో పొద్దున 6 ప్రాంతంలో మొదలవుతుంది. మీ రైలు నాలుగింటికే చేరితే చీకట్లో బయటికి రావద్దు, వెయిటింగ్ హాల్లో కూర్చోండి, ఇబ్బందిగా ఉంటే 139కి ఫోన్ చేయండి, అది రైల్వే హెల్ప్‌లైన్.

వేసుకోవాల్సిన మొదటి యాప్ 'వేర్ ఈజ్ మై ట్రైన్'. సెల్ టవర్ల ఆధారంగా రైలు ఎక్కడుందో చెప్తుంది, అందుకే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. స్టేషన్ రాకముందే మోగేలా అలారం పెట్టుకోవచ్చు, రాత్రంతా కిటికీలోంచి చూస్తూ కూర్చోనక్కర్లేదు. రెండోది టీ-సేఫ్, తెలంగాణ పోలీసులది. ఆటో, క్యాబ్ ఎక్కాక ప్రయాణాన్ని వాళ్ల నిఘాలో పెట్టుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు కూడా 100 లేదా 112కి చేసి 8 నొక్కి ఈ సేవ వాడుకోవచ్చు. క్యాబ్ యాప్ ఏదైనా ఒకటి పెట్టుకుని ఇంట్లోనే లాగిన్ అయిపోండి. బండి వచ్చాక నంబర్ ప్లేటు యాప్‌లో ఉన్నదానితో సరిపోలితేనే ఓటీపీ చెప్పాలి, "యాప్ క్యాన్సిల్ చేసెయ్యమ్మా, అదే రేటుకి తీసుకెళ్తా" అంటే ఎంత మర్యాదగా అన్నా ఒప్పుకోవద్దు, యాప్‌లో క్యాన్సిల్ చేశాక మీరు ఏ బండిలో ఉన్నారో ఎక్కడా రికార్డు ఉండదు.

ఇక మ్యాప్స్. గూగుల్ మ్యాప్స్‌లో పైన మీ ఫొటో మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని వస్తుంది, అందులో హైదరాబాద్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. మీరెక్కడున్నారో చూపించే నీలం చుక్కకి నెట్ అవసరం లేదు, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది. కాకపోతే ఆఫ్‌లైన్‌లో బండి దారి మాత్రమే చూపిస్తుంది, నడిచే దారి, బస్సు, మెట్రో వివరాలు రావు. అందుకని ఇంట్లోనే మెట్రో స్టేషన్ నుంచి హాస్టల్‌కి నడిచే దారి తెరిచి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

హాస్టల్ పేరు మ్యాప్స్‌లో వెతికి ఆ పిన్‌ని నమ్ముకోవడం మాత్రం ప్రమాదం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు ఒకే పేరుతో నాలుగైదు హాస్టళ్లుంటాయి, కొన్ని పిన్‌లు పక్క వీధిలో ఉంటాయి. హాస్టల్ ఆంటీనే వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి, దాంతోపాటు మెట్రో పిల్లర్ నంబర్, స్టేషన్‌లో ఏ వైపు మెట్లు దిగాలో కూడా అడగండి. హైదరాబాద్‌లో చాలామంది దారి చెప్పేది పిల్లర్ నంబర్లతోనే, ఫోన్ ఆగిపోయినా ఆ నంబర్ గుర్తుంటే ఎవర్నైనా అడుగుతూ వెళ్లిపోవచ్చు.

చార్జింగ్ గురించి మీ భయం సరైనదే. పవర్ బ్యాంక్ కొనుక్కోండి, ఈ ప్రయాణానికి అదొక్కటే నేను కచ్చితంగా డబ్బు పెట్టమనే వస్తువు. దానికంటే ముందు రైల్లో వీడియోలు చూడటం ఆపండి, అలారంతో పని లేని గంటల్లో ఫ్లైట్ మోడ్ పెట్టేయండి, దిగే స్టేషన్ దగ్గరపడే ముందు మాత్రం తీసేయాలి, టవర్ అందకపోతే రైలు యాప్ అలారాన్ని నమ్ముకోలేం.

డబ్బు సంగతి. యూపీఐ ఒక్కదాని మీదే రావద్దు, 2 వేలైనా చేతిలో ఉండాలి, అదీ రెండు చోట్ల. యూపీఐ లైట్‌లో కొంత వేసుకుంటే చిన్న చెల్లింపులకి పిన్ కొట్టే పని ఉండదు, జనం మధ్యలో పిన్ ఎవరికీ కనబడదు. నెట్ లేనప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబర్ నుంచి *99# డయల్ చేసినా డబ్బు పంపొచ్చు, ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోండి. ప్రయాణం ముందు రోజు ఫోన్ మార్చవద్దు. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు చాలా తక్కువ మొత్తమే పంపనిస్తుంది, హాస్టల్ అడ్వాన్స్ దగ్గర ఇరుక్కుంటారు.

ఫోన్ పోతుందన్న భయానికి: *#06# కొడితే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది, దాన్ని నాన్నగారి దగ్గర రాసి ఉంచండి. ఫోన్ పోతే పోలీస్ ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్ అయ్యాక సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్‌తో బ్లాక్ చేయించవచ్చు. ఒక కాగితం మీద ఇంటి నంబర్, హాస్టల్ నంబర్, పిల్లర్ నంబర్, 112, మహిళల హెల్ప్‌లైన్ 181 రాసి బ్యాగులో కాకుండా ఒంటి మీద ఉంచుకోండి. ఈ కాగితం పాతకాలం పద్ధతిలా అనిపిస్తుంది గానీ మీ మూడు భయాలకీ పనికొచ్చేది ఇదే.

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగం కోసం ఒంటరిగా సిటీకి వెళ్తోంది. తనకి తెలియకుండా ఎక్కడుందో చూసే యాప్ ఉందా?

జవాబు: అమ్మా, మీ ఆదుర్దా అర్థమైంది, కానీ రహస్యంగా చూసే యాప్ చెప్పను. అలాంటివి ఫోన్‌లోని మెసేజ్‌లు, ఫొటోలు కూడా బయటివాళ్ల చేతిలో పెడతాయి, పైగా అమ్మాయికి తెలిసిన రోజు ఆపదలో కూడా మీకు ఫోన్ చేయాలంటే వెనకాడుతుంది. తననే అడగండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటల దాకా పెట్టుకోవచ్చు, మొదటి రోజుకి అది సరిపోతుంది. ఒక విషయం ముందే తెలుసుకోండి: చాలా ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే స్క్రీన్ ఆగినప్పుడు లొకేషన్ కూడా ఆగిపోతుంది, కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లని వాటంతటవే మూసేస్తాయి. చుక్క గంటసేపు ఒకేచోట ఆగిపోయిందంటే ఎక్కువసార్లు కారణం ఇదే. వాట్సాప్‌కి బ్యాటరీ సెట్టింగ్స్‌లో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టించండి, చుక్క ఆగితే ముందు మామూలు ఫోన్ కాల్ చేయాలని ఇద్దరూ మాట్లాడుకోండి.

ప్రశ్న: నాది విజయనగరం ఆధార్. హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఫ్రీ కదా, ఫోన్‌లో ఆధార్ చూపిస్తే చాలా?

జవాబు: ఆ ఫ్రీ ప్రయాణం, అంటే మహాలక్ష్మి పథకం, తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే, మీరు టికెట్ తీసుకోవాలి. బస్సు ఎక్కడుందో ఆర్టీసీ వాళ్ల 'గమ్యం' యాప్‌లో కనబడుతుంది. హాస్టల్లో ఆధార్ జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే ఉంటాయి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఓటీపీ వస్తుంది కాబట్టి అది కూడా బయల్దేరే ముందే తీసి పెట్టుకోండి.