మీ అమ్మ ఇంట్లో ప్రింటర్ పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. నువ్వు హైదరాబాద్‌లో మీట నొక్కితే మిర్యాలగూడలో మీ నాన్న చేతికి కాగితం రావాలి, అంతే కదా. బావకు ఫోనులో అక్షరాలు ఆనవు. పహాణీ అయినా, మందుల చీటీ అయినా కాగితం మీద చూస్తేనే ఆయనకు నమ్మకం. ఇంతవరకు బాగుంది. కానీ రూటర్‌లో పోర్ట్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి వచ్చే దారి, తెరిచి నేరుగా ప్రింటర్‌కే పంపుతానన్నావు చూడు, ఆ పని మాత్రం చేయవద్దు.

చాలా ప్రింటర్లు 9100 అనే పోర్టుకు ఏది వచ్చినా, ఎవరు పంపారని అడగకుండా ప్రింట్ వేస్తాయి. ఇంటి లోపల అది సదుపాయమే. బయటికి తెరిస్తే వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే. 2018 చివర్లో ఒక హ్యాకర్ ఇలా తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి పట్టుకుని, 50 వేల దాకా ప్రింటర్లలో ఒక యూట్యూబర్ ప్రచార కాగితం ప్రింట్ వేశానని చెప్పుకున్నాడు. పైగా చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. మీదీ అలాంటి కనెక్షనే అయితే, నువ్వు రాత్రంతా కూర్చుని పోర్ట్ తెరిచినా పంపింది ఇంటిదాకా రాదు.

ఈమెయిల్ ప్రింట్ ఉన్న ప్రింటర్ కొను. ఎప్సన్ వైఫై మోడళ్లలో చాలావాటికి ఎప్సన్ కనెక్ట్ అనే ఏర్పాటు ఉంది. నమోదు చేస్తే ప్రింటర్‌కే ఒక ఈమెయిల్ అడ్రస్ వస్తుంది. నువ్వు దానికి ఫైలు పంపితే అక్కడ కాగితం బయటికి వస్తుంది. అనుమతించిన వాళ్ల జాబితాలో నీ అడ్రస్, మీ చెల్లి అడ్రస్ మాత్రమే పెట్టు. వైఫై ఉన్నంత మాత్రాన ఈ సదుపాయం ఉండాలని లేదు. ఆ మోడల్‌కు ఉందో లేదో దుకాణంలోనే తేల్చుకో. ఇలా పంపిన ఫైలు కంపెనీ సర్వర్ మీదుగా పోతుంది కాబట్టి బ్యాంకు కాగితాలకు ఈ దారి వద్దు. వాటికి ఇంట్లో ఒక పాత లాప్‌టాప్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగానే మన పరికరాల మధ్య నడిచే సొంత దారి) పెట్టుకోవచ్చు. అది తర్వాత చూద్దాం.

నల్లగొండలో గడియారం దగ్గర నా జిరాక్స్ దుకాణంలో ఇన్నేళ్లుగా చూసిన తిప్పల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్‌వి కావు, ఫైలువి. మొదటిది ఆధార్. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఆ ఫైలును అలాగే ప్రింటర్ అడ్రస్‌కు పంపితే కాగితం రాదు. అక్కడేమో మీ నాన్న ప్రింటర్ ముందు నిలబడి, చెడిపోయిందనుకుని దాని నెత్తిన ఒకటి వేస్తాడు. ముందు నువ్వే తెరిచి, పాస్‌వర్డ్ లేని పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపు.

రెండోది తెలుగు. వర్డ్ ఫైలును అలాగే పంపితే, దాన్ని ప్రింట్‌కు సిద్ధం చేసే సర్వర్‌లో నువ్వు వాడిన ఫాంటు ఉండకపోవచ్చు. అప్పుడు వత్తులు ఊడి పక్కన పడతాయి. ‘లక్ష్మి’ అనే పేరు మూడు ముక్కలై వచ్చిన పెళ్లి పత్రిక ప్రూఫు ఒకటి ఇప్పటికీ నా సొరుగులో ఉంది. డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లతో టైప్ చేసినదైతే వేరే చోట తెరిస్తే తెలుగే కనిపించదు, ఏవో ఇంగ్లిష్ గీతలు వస్తాయి. ఏదైనా సరే, పీడీఎఫ్ చేసి ఒకసారి కళ్లతో చూసుకుని పంపు. సెట్టింగులో కాగితం ఏ4 అని ఉందో లేదో కూడా చూడు. లెటర్ అని ఉంటే అడుగు వరస తెగిపోతుంది.

లేజర్ ప్రింటర్ మంచిదే, నా దుకాణంలో నడిచేది అదే. మీ ఇంటికి వద్దంటున్నది ఇన్వర్టర్ గురించి. లేజర్ లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కు ఆ బెడద లేదు. రూటర్‌ను కూడా ఇన్వర్టర్ లైనులోనే పెట్టు, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ అక్క నీకు ఫోను చేస్తుంది. ప్రింటర్ తనంతట తాను ఆఫ్ అయిపోయే టైమర్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయి. ఇంట్లో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, కాబట్టి కలిపేటప్పుడు ఫోను కూడా దానిమీదే ఉండాలి.

ఇంక్ ట్యాంకుకు ఉన్న జబ్బు ఎండిపోవడం. మన ఎండల్లో నెల రోజులు వాడకుండా వదిలేస్తే సిరా చిమ్మే సన్నటి రంధ్రాల్లో, అంటే నాజిల్లో, అది గట్టిపడి, ప్రింటర్‌ను పరీక్షించడానికి తీసే ప్రింటులో గీతలు మధ్యమధ్యలో తెగి వస్తాయి. క్లీనింగ్ పెడితే పోతుంది గానీ సిరా బోలెడు తాగుతుంది. ప్రతి ఆదివారం నీ కూతురు వేసిన బొమ్మ ఒకటి, నాలుగు రంగులూ ఉండేది, ఆ అడ్రస్‌కు పంపు. ప్రింటర్‌కు మందు, బావకు సంబరం.

ఒక్క దారినే నమ్ముకోకు. ఎక్కడినుంచైనా ఇంటర్నెట్ మీదుగా ప్రింట్ ఇచ్చే గూగుల్ క్లౌడ్ ప్రింట్ అనే సేవ 2010లో మొదలై, దాని మీద ఆధారపడ్డవాళ్లు ఉండగానే 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఈమెయిల్ పని చేయని రోజు ఫైలును అక్క వాట్సాప్‌కు పంపు. ఆమె ఫోనూ ప్రింటరూ ఒకే వైఫైలో ఉంటే అక్కడినుంచే ప్రింట్ ఇవ్వవచ్చు. రెండుసార్లు దగ్గరుండి చూపిస్తే నేర్చుకుంటుంది. బావకు చూపించకు, ఆయనకు ఓపిక తక్కువ.

వచ్చే గురువారం నేను మిర్యాలగూడ వెళ్తున్నాను. ప్రింటర్ వచ్చినా అప్పటిదాకా పెట్టె విప్పవద్దని అక్కకు చెప్పు. సిరా నింపాక దాన్ని పక్కకు వంచి మోయకూడదు, అందుకే చోటు ముందే తేల్చాలి. ఆమె దేవుడి గది పక్క అలమర అంటుంది. అక్కడికి వైఫై సరిగా అందదు, హాల్లో రూటర్ కింది బల్ల ఖాళీ చేయించు.

మీ మామ