కామిక్స్ మీద రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసాలు చదివాను. డీసీ సంస్థ కోసం స్కాట్ స్నైడర్ రాస్తున్న 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' కామిక్ నీకు ఎంత నచ్చిందో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఎందుకు నచ్చిందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వ్యాసంలో ముప్పాతిక వంతు కథ చెప్పడానికే సరిపోయింది. మిగిలిన చోట "ఆర్ట్ అదిరింది", "స్నైడర్ మళ్లీ కొట్టాడు" అని ఉంది. ఈ మాటలు ఏ కామిక్ గురించైనా అనొచ్చు. పుస్తకం చదవని మనిషికి నీ వ్యాసంలో ఆ పేజీ కళ్లకు కట్టాలి. చదివినవాడు లేచి వెళ్లి ఆ పేజీ మళ్లీ తీసి చూడాలి. అంత ఇష్టం ఉన్నవాడివి, అంత దూరం రాయగలవు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది: "ఛాతీ మీద గుర్తు కొత్తగా ఉంది." సరిగ్గా అక్కడ ఆగి ఉండాల్సింది. 2024 అక్టోబరులో మొదలైన ఈ సిరీస్‌లో బ్యాట్‌మ్యాన్‌గా మారే బ్రూస్ వేన్‌కి ఆస్తిపాస్తుల్లేవు. తండ్రి బడిపంతులు, చిన్నప్పుడే పోయాడు. తల్లి మార్తా బతికే ఉంది. బ్రూస్ ఇంజినీరు. భవంతి లేదు, అడిగిందల్లా చేతికందించే సేవకుడు ఆల్ఫ్రెడ్ కూడా లేడు. ఇక్కడి ఆల్ఫ్రెడ్ బయటినుంచి వచ్చిన గూఢచారి. డబ్బు పెట్టి ఏదీ కొనలేడు కాబట్టి బ్రూస్ ఒంటి మీదున్న ప్రతిదీ పనిముట్టు కావాల్సిందే. ఛాతీ మీది గబ్బిలం ఊడి చేతిలోకొచ్చి గొడ్డలి అవుతుంది. నిక్ డ్రగోటా దాన్ని ఛాతీ అంతా పరుచుకున్న నల్లటి దిమ్మలా గీశాడు. మనకు అలవాటైన బ్యాట్‌మ్యాన్ నీడలో కలిసిపోతాడు. ఇతను భుజాలతో ప్యానెల్‌ను, అంటే పేజీలోని బొమ్మ గడిని, నింపేస్తాడు. "మరీ లావుగా ఉన్నాడు" అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ లావు కథలో ఏం పని చేస్తోందో నువ్వు రాయి. వేన్ కుటుంబం డబ్బు చేయాల్సిన పనిని ఇక్కడ ఒళ్లు చేస్తోంది. ఈ ఒక్క ముక్కను రెండు మూడు పేజీలు చూపిస్తూ నిలబెడితే వ్యాసం అయిపోయినట్టే. కథంతా చెప్పక్కర్లేదు.

అలాంటి ముక్క దొరకాలంటే చదివే పద్ధతి మార్చాలి. అమెరికన్ సూపర్‌హీరో ఇష్యూ (సంచిక) ఒకటి మామూలుగా 20 నుంచి 22 పేజీల కథ. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మొదటిసారి ఏమీ రాసుకోకుండా ఆ వేగంతోనే చదువు, మామూలు పాఠకుడికి కలిగే అనుభూతి నీకూ కలగాలి. రెండోసారి కాగితం పక్కన పెట్టుకుని పేజీకో గీత గియ్యి. ఆ గీత మీద రాయాల్సినవి మూడే విషయాలు: ఎన్ని ప్యానెళ్లు, ఎవరున్నారు, పేజీ మొదట్లో లేనిది చివరికి ఏం వచ్చింది. ఇరవై గీతలు పూర్తయ్యేసరికి ఇష్యూ ఊపిరి నీ ముందుంటుంది. వరసగా ఆరు, ఏడు, ఎనిమిది ప్యానెళ్ల పేజీలు వచ్చి ఆ తర్వాత ఒకే బొమ్మ పేజీ అంతా పరుచుకుంటే, ఆ స్ప్లాష్‌కి బలం ముందున్న ఇరుకు పేజీలే ఇచ్చాయన్నమాట. అదే నాలుగు పేజీలకో స్ప్లాష్ వస్తుంటే ఏ ఒక్కటీ గుర్తుండదు. "పేసింగ్ బాగాలేదు" అని రాసే బదులు ఈ లెక్క చెప్పు. మూడోసారి మాటల బెలూన్లు చదవకుండా బొమ్మలు మాత్రమే చూడు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు ఏ వైపు నుంచి వచ్చారో బొమ్మల్లోనే తెలియాలి. ఒక ప్యానెల్లో ఎడమ పక్కనున్న విలన్ తర్వాతి ప్యానెల్లో కారణం లేకుండా కుడి పక్కకు మారితే కన్ను తడబడుతుంది. ఆ ఫైట్ "గందరగోళం" అనిపించడానికి చాలాసార్లు కారణం అదే.

ఇంకో చిక్కు ఫోను తెస్తుంది. నువ్వు గైడెడ్ వ్యూలో, ఒక్కో ప్యానెల్ చొప్పున చదివావని నీ రాతలోనే తెలిసిపోతోంది. పేజీ అమరిక గురించి ఎక్కడా మాట లేదు. అచ్చు కామిక్‌లో సాధారణంగా బేసి పేజీ కుడివైపు, సరి పేజీ ఎడమవైపు వస్తాయి. కాబట్టి ఉలిక్కిపడేలా చేయాల్సిన దృశ్యాన్ని పేజీ తిప్పగానే కనబడే సరి పేజీ మీద పెడతారు. రెండు పేజీలు కలిపి గీసే స్ప్రెడ్ కూడా సరి పేజీ మీదే మొదలవ్వాలి. మధ్యలో ప్రకటనలు పడితే ఈ లెక్క తప్పుతుంది, ఆ తప్పు రచయితది కాదు. తెర మీద చదవక తప్పకపోతే కనీసం ట్యాబ్‌ను అడ్డంగా పెట్టి రెండు పేజీలూ ఒకేసారి చూడు. ప్యానెల్ ప్యానెల్‌గా చదివి ఊపు గురించి తీర్పు ఇవ్వకు.

ఇప్పుడు పేర్ల సంగతి. వ్యాసం మొత్తంలో స్కాట్ స్నైడర్ పేరు పదిసార్లు ఉంది, డ్రగోటా పేరు ఒక్కసారి. రంగులు వేసిన ఫ్రాంక్ మార్టిన్, లెటరింగ్ చేసిన, అంటే బెలూన్లలో మాటలు పేర్చిన, క్లేటన్ కౌల్స్ అసలు లేరు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. నెలనెలా గడువు మీద కూర్చుని ఇంతమంది చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేయడం అన్యాయం. పైగా అది నీ విశ్లేషణనే దెబ్బతీస్తుంది. ప్యానెల్ అమరిక స్క్రిప్టులోనే ఉందో, చిత్రకారుడు మార్చాడో నీకు బయటినుంచి తెలియదు. అందుకే "రచయిత ఇలా చేశాడు" అనకుండా "ఈ పేజీలో ఇలా జరిగింది" అను. కవర్ గీసినవాడు లోపల గీయకపోవడం చాలా మామూలు, క్రెడిట్స్ చూడకుండా కవర్ పేరు పట్టుకుని లోపలి బొమ్మల్ని పొగడకు.

చిత్రకారుడు మారితే గమనించు, కారణం కూడా తెలుసుకో. రోజుకో పేజీ గీయడమంటేనే కష్టమైన వేగం. నెలకో ఇష్యూ చొప్పున ఏడాదంతా ఒక్కరే గీయడం అరుదు. అందుకే మధ్యలో వేరే చేయి పడుతుంది. 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్' 4వ ఇష్యూ గాబ్రియెల్ హెర్నాందెజ్ వాల్టా గీశాడు. మార్వెల్ సంస్థ వేసిన 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'లో మార్కో చెకెట్టో లేని ఇష్యూలు కొన్ని డేవిడ్ మెస్సినా గీశాడు. "ఆర్ట్ పడిపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, మారిన గీత ఆ ఇష్యూ కథకు అతికిందా లేదా చూడు. గతంలోకి వెళ్లే కథకో, నెమ్మదిగా సాగే కథకో వేరే చేయి ఇవ్వడం మంచి ఎడిటర్ తెలివి. ఫైట్ మధ్యలో చేయి మారితే మాత్రం అది గడువు తెచ్చిన తిప్పలే, నిర్మొహమాటంగా రాయి.

రంగుల గురించి ఏం రాయాలో తెలియడం లేదన్నావు. 'అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్' తీసి ముందు పెట్టుకో. డెనిజ్ క్యాంప్ రచన, హావియెర్ రోడ్రిగెజ్ బొమ్మలూ రంగులూ రెండూ. ఎఫ్‌బీఐ ఏజెంటు జాన్ జోన్స్‌కి ఎదుటి మనుషుల ఆలోచనలు రంగురంగుల పొగలా కనిపించడం మొదలవుతుంది. ఆ పొగ తీసేస్తే కథే లేదు. ఏ మనిషి నుంచి ఏ రంగు లేస్తోంది, అది ప్యానెల్ గీతను దాటి పక్క ప్యానెల్లోకి పాకిందా, ఏ పేజీలో రంగు దాదాపు మాయమైంది అని ఒక ఇష్యూ అంతా రాసుకో. హసన్ ఒట్స్‌మేన్-ఎల్హౌ లెటరింగ్ ఆ పొగతో ఎలా కలిసిపోయిందో కూడా కనబడుతుంది. ముందు ఆరు ఇష్యూలకే అనుకున్న ఈ సిరీస్‌ను 12కి పెంచారు. ఈ మధ్య వచ్చిన సూపర్‌హీరో కామిక్స్‌లో కామిక్ అనే రూపం మాత్రమే చేయగలిగింది చేసి చూపించిన పుస్తకం ఏదంటే నేను ఇదే చెప్తాను.

"డార్క్" అనే మాటను కొన్నాళ్లు పక్కన పెట్టు. 'అబ్సల్యూట్ వండర్ ఉమన్' గురించి నువ్వు ఆ మాట నాలుగుసార్లు వాడావు. కెల్లీ థాంప్సన్, హేడెన్ షెర్మన్ చేసిన ఈ డయానా (వండర్ ఉమన్ అసలు పేరు) నరకంలో మంత్రగత్తె సర్సీ చేతుల్లో పెరిగింది, ఎముకల గుర్రమెక్కి వస్తుంది. పైపైన అంతా చీకటే. కానీ పిల్ల స్వభావం చూడు, రాక్షసుల మధ్య పెరిగి కూడా కరుణ పోగొట్టుకోలేదు. నరకం అన్నది చుట్టూ ఉంది, మనిషిలో లేదు. 2025లో ఉత్తమ కొత్త సిరీస్‌గా కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది దీనికే. "డార్క్" అని రాసేస్తే అసలు విషయం జారిపోతుంది.

కంటిన్యుటీ (పాత కథల నుంచి సాగివచ్చే చరిత్ర) గురించి నీ భయం అర్థమైంది. తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి ఈ పాత్రలు సినిమాల ద్వారానే తెలుసు. అలాగని డీసీ తన కథల్ని మళ్లీ మళ్లీ కొత్తగా మొదలుపెట్టిన తీరంతా చెబుతూ, 1985-86 'క్రైసిస్'తో మొదలుపెట్టి, 2011 'న్యూ 52', 2016 'రీబర్త్' మీదుగా 2024కి రానక్కర్లేదు. ఆ చరిత్ర పాఠం దగ్గరే సగం మంది లేచిపోతారు. ఈ ఇష్యూ అర్థం కావడానికి తప్పనిసరిగా కావాల్సింది రెండు వాక్యాల్లో చెప్పు. 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'కి ఇంత చాలు: ఇక్కడి పీటర్ పార్కర్‌కి ముప్పై దాటాక, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక శక్తులొస్తాయి, బాబాయి బెన్ బతికే ఉన్నాడు. ఈ రెండు ముక్కలతోనే పాఠకుడు ఎటు చూడాలో తెలుసుకుంటాడు. కుర్రాడి తప్పుకి బాబాయి బలైన పాత కథలో అపరాధభావం ఇంధనం. జోనథన్ హిక్‌మన్ రాసిన ఈ కథలో మనిషి అన్నీ తెలిసి, భార్యాపిల్లల్ని పెట్టుకుని ఆ బరువు ఎత్తుకుంటాడు. అందుకే మొదటి ఇష్యూలో కొట్లాటల కంటే ఇంటి మాటలే ఎక్కువ. "యాక్షన్ లేదు" అన్నది ఫిర్యాదుగా చెల్లదు. "ఆ మాటల్లో అన్ని గొంతులూ ఒకేలా ఉన్నాయి" అంటే చెల్లుతుంది, అయితే బెలూన్లు చూపించి రుజువు చేయాలి. ఈ సిరీస్‌లో కాలం కూడా ఇష్యూకి సుమారు నెల చొప్పున నడుస్తుంది. ఒకే రాత్రి వరసగా ఆరు ఇష్యూలు చదివేసి "కథ ఎగిరెగిరి పోతోంది" అంటే, ఆ ఎగుడుదిగుళ్లు ఏ లయ కోసం పెట్టారో నువ్వు చూడలేదనే అర్థం.

ఒక్క ఇష్యూ చదివి సిరీస్ మీద తీర్పు ఇవ్వకు. ఐదారు ఇష్యూలు కలిస్తే ఒక కథాభాగం, దాన్నే తర్వాత ఒక సంపుటిగా వేస్తారు. మొదటి ఇష్యూ మీద రాస్తే ఆ ఇష్యూ ఏం మాటిచ్చిందో రాయి, కథాభాగం ముగిశాక ఆ మాట నిలబెట్టుకుందో లేదో రాయి. కవర్ మీద "1" చూసి ఇదేదో సరికొత్త ఆరంభం అనుకోవద్దు. 2025లోనే ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్', సెప్టెంబరులో 'బ్యాట్‌మ్యాన్' మళ్లీ 1 నుంచి మొదలయ్యాయి. పాత్రల ప్రపంచం మారలేదు, రాసి గీసే జట్టులోనే మార్పులొచ్చాయి.

అమ్మకాల అంకెలు చూపించి పుస్తకం గొప్పదనడం మానెయ్. ప్రచారంలో వినిపించే అంకెలు ఎక్కువగా దుకాణాలు తెప్పించుకున్న కాపీలవి. అక్కడి కామిక్ షాపు వాడు మామూలుగా మిగిలిన కాపీలు వెనక్కి ఇవ్వలేడు. పైగా 25 మామూలు కాపీలు కొంటే ఒక అరుదైన వేరియంట్ కవర్ (వేరే బొమ్మతో వేసిన కవర్) కాపీ ఇస్తామనే పద్ధతి ఉంది. ఆ ఒక్కటీ ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చని ఆ 25 కాపీలూ కొనేవాళ్లూ ఉంటారు. అంకె పెరిగినంత మాత్రాన చదివినవాళ్లు పెరిగినట్టు కాదు.

మార్వెల్, డీసీ గొడవలోకి అస్సలు దిగకు. మన దగ్గర హీరోల అభిమానులు కొట్టుకునే తీరును ఇక్కడికి తేవద్దు. డెనిజ్ క్యాంప్ మార్వెల్‌కి 'అల్టిమేట్స్' రాశాడు, డీసీకి మార్షియన్ కథా రాశాడు. మనిషి ఒక్కడే. మనవాడనే కారణంతో పొగడటమూ అంతే తప్పు. ముంబైలో పెరిగిన రామ్ వి 2022 నుంచి 2024 దాకా 'డిటెక్టివ్ కామిక్స్' రాశాడు. ఆ కథను ఒపేరాలా, ముందు పీఠికా సంగీతం, తర్వాత అంకాలు అన్న వరసలో కట్టాడు. ఆ కట్టడం బ్యాట్‌మ్యాన్ కథకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ బరువైంది అని అడిగితే అతనికి నువ్విచ్చే గౌరవం పెరుగుతుంది.

నచ్చనిది రాసేటప్పుడు పేజీ నంబరు తప్పనిసరి. బొమ్మలో కనబడుతున్నదాన్నే క్యాప్షన్ మళ్లీ చెబుతోందా? ఒక బెలూన్లో పాతిక ముప్పై పదాలు దాటి ముఖాన్ని మూసేసిందా? వేరే సిరీస్‌లతో కలిపి నడిపే క్రాస్ఓవర్ కోసం సొంత కథ మధ్యలో ఆగిపోయిందా? ఫలానా పేజీ, ఫలానా ప్యానెల్ అని చూపించు. ఆ చిత్రకారుడే చదివినా కాదనలేకపోవాలి. స్పాయిలర్ ఉంటే మొదటి లైన్లోనే చెప్పు, చివరి పేజీ మలుపును శీర్షికలో పెట్టకు. బొమ్మలు వాడితే ఒకటి రెండు ప్యానెళ్లు చాలు, కింద గీసినవాళ్ల పేరూ రంగులు వేసినవాళ్ల పేరూ ఉండాలి.

బ్యాట్‌మ్యాన్ వ్యాసం తిరగరాసి పంపు. కథ రెండు పేరాలు దాటకూడదు. 1వ ఇష్యూకి పేజీల గీతలు గీసిన కాగితం కూడా జతచెయ్యి, ముందు అది చూసి తర్వాత వ్యాసం చదువుతాను.

ఆశీస్సులతో,
అన్న