టెక్ సందేహాలు: కోర్టు పిలిచింది, సైటు మాత్రం ప్రైవేటు కంపెనీది

ప్రశ్న: డల్లాస్ దగ్గర హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. జ్యూరీ డ్యూటీకి, అంటే సామాన్యులే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే బృందంలో కూర్చోవడానికి, రమ్మంటూ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు పేరుతో కార్డు వచ్చింది. దానిపై ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక ప్రైవేటు కంపెనీ సైటు తెరుచుకుని పుట్టిన తేదీ, ఉద్యోగం, ఫోన్ నంబరు అడుగుతోంది. ఇది మోసమా? నేను అక్కడి పౌరుణ్ని కూడా కాదు కదా!

జవాబు: కార్డు అసలుదే అయి ఉండవచ్చు. టెక్సస్‌లో జ్యూరీ జాబితాను ఓటర్ల నమోదుతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల రికార్డుల నుంచి కూడా తయారు చేస్తారు కాబట్టి, వీసాదారుల పేర్లూ అందులో చేరిపోతుంటాయి. ఆ జాబితా నుంచి పేర్లు తీయడం, కార్డులు అచ్చువేసి పోస్టు చేయడం, జవాబులు నమోదు చేయడం, ముందురోజు మెసేజ్ పంపడం వంటి పనులకు సొంత సాఫ్ట్‌వేర్ లేని కోర్టులు ప్రైవేటు కంపెనీలతో ఒప్పందం చేసుకుంటాయి. అందువల్ల సైటు చిరునామా డాట్ కామ్‌తో ముగిసినంత మాత్రాన దాన్ని నకిలీ అనలేం. అయితే సరిగ్గా ఈ అయోమయమే మోసగాళ్లకు దారి ఇస్తోంది. పౌరుణ్ని కోర్టే పిలుస్తున్నప్పుడు, జవాబిచ్చే చోటు కూడా కోర్టు చిరునామాలోనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కార్డుపై ఉన్న కోడ్‌ను, ఫోన్ నంబరును పక్కన పెట్టండి. మీ కౌంటీ అధికారిక సైటును మీరే వెతికి తెరిచి, జ్యూరీ పేజీలోని లింకు ద్వారా ఆ కంపెనీ సైటుకు చేరుకోండి; రెండు చిరునామాలూ అక్షరం తేడా లేకుండా కలిస్తేనే ముందుకు వెళ్లండి. ఎవరైనా ఫోన్ చేసి, జ్యూరీకి రానందుకు వారెంటు ఉందని, గిఫ్ట్ కార్డుతో జరిమానా కట్టమని అంటే అది కచ్చితంగా మోసమే. ఫారంలో ‘అమెరికా పౌరుణ్ని కాను’ అన్న గడినే ఎంచుకోండి. ఇక్కడ తొందరలో పౌరుణ్నని టిక్ పెడితే, అది తప్పుడు పౌరసత్వ ప్రకటనగా మీకు గ్రీన్ కార్డు వచ్చే అవకాశానికే ముప్పు తేవచ్చు. పౌరుణ్ని కాను కదా అని కార్డును చెత్తబుట్టలో వేయడమూ సరికాదు.

ఇక అసలు సైటైనా వివరాలు భద్రమేనా అన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. 2025 నవంబరులో, మీకు దగ్గర్లోని ప్లేనోలోనే ప్రధాన కార్యాలయం ఉన్న టైలర్ టెక్నాలజీస్ రూపొందించిన జ్యూరీ సైట్లలో ఒక లోపం బయటపడింది. అప్పుడు లాగిన్‌కు వాడిన జ్యూరర్ (జ్యూరీకి పిలిచిన వ్యక్తి) నంబర్లు వరుస సంఖ్యలు. మీది 4512 అనుకుంటే పక్కవారిది 4513. తప్పు నంబర్లు ఎన్నిసార్లు కొట్టినా సైటు అడ్డుకోకపోవడంతో, చిన్న ప్రోగ్రాం రాసిన ఎవరైనా ఒక్కో నంబరే ప్రయత్నిస్తూ ఇతరుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు చూడగలిగే పరిస్థితి ఏర్పడింది. కంపెనీ లోపాన్ని అంగీకరించింది. నంబరును ఊహించలేనంత పొడవుగా ఇవ్వడం, ఐదారు తప్పు ప్రయత్నాల తర్వాత తలుపు మూయడం కొత్త విద్యలేమీ కావు. కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే కోర్టులు వీటిని షరతులుగా రాయించుకుని, పరీక్షించాకే సైటును తెరవాలి. మీ వరకు, తప్పనిసరి కాని గడులు ఖాళీగా వదిలేయండి. కాగితంపైనే జవాబిచ్చే వీలుందేమో కోర్టు క్లర్కును అడగండి.

ప్రశ్న: లండన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. భారత పాస్‌పోర్టే ఉంది. నాకూ జ్యూరీ పిలుపు వచ్చింది. పొరపాటా?

జవాబు: కాకపోవచ్చు. కామన్వెల్త్ పౌరులుగా భారతీయులు బ్రిటన్‌లో ఓటర్లుగా నమోదు కావచ్చు. ఆ నమోదు ఉండి, పదమూడో ఏడు దాటాక కనీసం 5 ఏళ్లు అక్కడ నివసించిన 18-75 ఏళ్లవారు జ్యూరీకి అర్హులే. ఇంగ్లండ్, వేల్స్‌లో పిలుపులన్నీ ఒకే కేంద్ర బ్యూరో నుంచి వెళ్తాయి. ఆన్‌లైన్ జవాబు ఇచ్చే చిరునామా గవ్ డాట్ యూకేతో ముగుస్తుంది. 7 రోజుల్లోగా జవాబివ్వండి. ఇవ్వకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు.