పికప్‌కు వేరే ఇంజిన్ ఎక్కిస్తే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. 2012 మోడల్ డీజిల్ పికప్‌లో చేపల చెరువులకు మేత బస్తాలు తోలుతుంటాను. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఖర్చులు పోను 28,000 రూపాయలు మిగులుతాయి. ఇంజిన్ పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. దాన్నే బోరు చేయించి (అరిగిన సిలిండర్లను సరిచేయించి) బాగుచేయడానికి 95,000 అవుతుందన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ మాత్రం వేరే కంపెనీ కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో చిమ్మే రకం) ఎక్కిస్తే గట్ల మీద లాగుడు బాగుంటుందని, లీటరుకు 10 వచ్చే మైలేజీ 12కు పెరుగుతుందని అంటున్నాడు. అన్నీ కలిపి 2,10,000. బ్యాంకులో 1,50,000 ఎఫ్‌డీ ఉంది. దాన్ని కదపకుండా నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: వద్దండీ. మెకానిక్ చెప్పిన మైలేజీ నిజమేననుకుందాం. నెలకు 200 లీటర్లు పట్టేచోట 167 సరిపోతాయి. లీటరు సుమారు 97 రూపాయల లెక్కన మిగిలేది 3,200. మరి 2,10,000కు నూటికి రెండు చొప్పున వడ్డీయే నెలకు 4,200. అసలులో రూపాయి తీరకముందే మీరు నెలకు వెయ్యి ఎదురు పెట్టుకుంటున్నారు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) దగ్గర వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అదే రకం ఇంజిన్ వేసినా రవాణా శాఖ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. వేరే కంపెనీది వేస్తే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. మీ బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ తనిఖీ) తప్పదు కాబట్టి ఈ సంగతి దాగదు. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కొర్రీ వేయడానికి ఇదొక్కటే చాలు. పరిహారం బాధితులకు చెల్లించి తర్వాత మీ దగ్గర వసూలుకు దిగితే, ఎఫ్‌డీ కాదు, పొలం కూడా ఆగదు.

కొత్త ఇంజిన్‌తో లాగుడు బాగుంటుందని మెకానిక్ అన్నాడన్నారు. బస్తాలు ఎన్ని వేస్తున్నారో మీరు రాయలేదు. ఇంజిన్ ఎంత బలమైనదైనా ఆర్‌సీలో ఉన్న బరువు పరిమితి కిలో కూడా పెరగదు. అధిక లోడుకు జరిమానా 20,000 నుంచి మొదలవుతుంది, పైన ప్రతి టన్నుకు మరో 2,000.

కాబట్టి ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించండి. బ్లాకు అదే, నంబరు అదే, రవాణా శాఖతో పనే ఉండదు. డబ్బు బయట తేవద్దు. మీ ఎఫ్‌డీ మీదే బ్యాంకు అప్పు ఇస్తుంది, వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటుకు ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ. మీరు తేబోయేది ఏడాదికి 24 శాతం! నెలకు 8,000 కడితే 95,000 అప్పు ఏడాది దాటి నెలో రెండు నెలలో తీరిపోతుంది. ఆ తర్వాత అదే 8,000 రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించి, కొత్త బండికి ముందు కట్టాల్సిన సొమ్ము పోగేయండి.

కొత్తది ఇప్పుడే కొనొచ్చు కదా అంటారేమో. 8,50,000 అప్పు, 11 శాతం వడ్డీ, నాలుగేళ్లు అనుకుంటే కిస్తీ దాదాపు 22,000. మీకు మిగిలే 28,000లో అది పోతే ఇల్లు గడవడం కష్టం. అయితే ఈ బండిని మరీ ఎక్కువకాలం సాగదీయకండి. 15 ఏళ్లు దాటాక ఎఫ్‌సీ రుసుము బాగా పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాతదాన్ని గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త దాని వాహన పన్నులో 15 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి.

బోరు పనికి ఒప్పుకునే ముందు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని, ఇంజెక్టర్ల సర్వీసు అన్నీ ఆ 95,000లోనే ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. ఇంజిన్ విప్పాక «అది కూడా పోయింది» అంటూ బిల్లు పెరగడం మామూలే. అందుకోసం 15,000 విడిగా ఉంచుకోండి, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు మేత తోలడానికి అద్దె బండి మాట్లాడుకోండి. మీ చేత మేత తోలించుకునే ఖాతాదారులు ఒకసారి పోతే మళ్లీ రారు.