రంగు చల్లే ముందు: అపరాధ పరిశోధన కథలు రాస్తున్న యువ రచయితకు లేఖ

ప్రియ మిత్రమా,

మీ కథ చదివాను. కథనంలో వేగం ఉంది, ఇన్‌స్పెక్టరు మాటతీరు నమ్మించేలా ఉంది. అసలు మలుపు దగ్గర మాత్రం నేను ముందుకు సాగలేకపోయాను. హత్య జరిగిన గదిలో దొరికిన తెల్లటి ప్లాస్టిక్ కవరు మీద క్లూస్ టీం వారు రోడమిన్ 6జీ అనే మెరిసే రంగు చల్లగానే నీలి కాంతిలో వేలిముద్రలు మిలమిలా మెరిశాయని మూడు వాక్యాల్లో రాసి, వెంటనే కిరాణా కొట్టు యజమానిని అరెస్టు చేయించారు. ఈ ఉత్తరమంతా ఆ మూడు వాక్యాల గురించే.

వేలి కొస వదిలి వెళ్లేది కాస్త చెమట, కాస్త జిడ్డు. కాగితమైతే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్, గాజు, స్టీలు పీల్చుకోవు కనుక, పోలీసులు చాన్స్ ప్రింట్ అనే ఆ ముద్ర పైపైనే, ఒక్క రుద్దుకు చెరిగిపోయే స్థితిలో ఉండిపోతుంది. రోడమిన్ 6జీని సాధారణంగా మిథనాల్ వంటి ద్రావకంలో కలిపి వాడతారు. జిడ్డును కరిగించడం ఆ ద్రావకానికి ఉన్న గుణం. ముద్రను ముందుగా గట్టిపరచకుండా దాన్ని చల్లిన మీ నిపుణుడు సాక్ష్యాన్ని బయటపెట్టలేదు, కడిగేశాడు.

గట్టిపరిచే పని జిగురుది. మన ఇళ్లలో ఫెవిక్విక్‌గా తెలిసిన జాతి జిగురులో ఉండే సయనోఅక్రిలేట్‌ను మూసిన పెట్టెలో వేడి చేసి, లోపలి తేమను 80 శాతం దగ్గర నిలిపితే, ఆ ఆవిరి వేలిముద్ర గీతలను పట్టుకొని వాటి మీద తెల్లటి పాలిమర్‌గా, అంటే గట్టి ప్లాస్టిక్ లాంటి పొరగా పేరుకుంటుంది. ఆ తరువాత రంగు పోస్తే అది ఈ పాలిమర్‌లో చిక్కుకుంటుంది, మిగిలినదాన్ని కడిగేస్తారు. ముద్రను వెతికి పట్టేది జిగురే, రంగు దాన్ని కంటికి చూపిస్తుంది, అంతే. నల్ల కవరు మీదైతే ఆ తెల్లటి గీతలు వాటంతటవే కనిపించేవి, రంగు అవసరమే పడకపోవచ్చు. మీరు తెల్ల కవరు ఎంచుకోవడం, తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, చక్కని ఎంపిక: తెలుపు మీద తెలుపు కనబడదు కాబట్టే అక్కడ రంగుకు నిజమైన అవసరం వచ్చింది. ఆ కారణం మీ పాఠకుడికి చెప్పాలి.

ఇక కాంతి సంగతి. రోడమిన్ 6జీ ప్రధానంగా ఆకుపచ్చ కాంతిని పీల్చుకొని, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యమున్న పసుపు, నారింజ కాంతిని వెలువరిస్తుంది. ఈ వెలుగు చాలా బలహీనం. పైనుంచి వేస్తున్న ఆకుపచ్చ కాంతిలో అది పూర్తిగా మునిగిపోతుంది. అందుకే చూసేవాడి కళ్లద్దాలకూ, కెమెరాకూ నారింజ రంగు ఫిల్టరు ఉండాలి. మీ ఇన్‌స్పెక్టరు ఉత్త కళ్లతో వంగి చూసి ఆశ్చర్యపోవడం కుదరదు. నీలి కాంతి మీద అంత మమకారం ఉంటే బేసిక్ ఎల్లో 40 అనే మరో రంగు వాడించండి, అది నీలికి బాగా స్పందిస్తుంది, దానికి పసుపు ఫిల్టరు సరిపోతుంది.

కథకుడిగా నాకు ఆసక్తి కలిగించేది ఈ పని చెడిపోయే తీరు. ఆవిరి ఎక్కువసేపు పడితే గీతల మధ్య ఖాళీలు కూడా పాలిమర్‌తో పూడిపోతాయి, రంగు అంతటా అంటుకొని కవరంతా ఒకే వెలుగుగా మారుతుంది. కొన్ని అచ్చువేసిన ప్యాకెట్లు తమంతట తామే వెలుగుతాయి, అప్పుడు రంగునో కాంతినో మార్చుకోవాలి. ముద్ర బాగా ఎండిపోయి ఉంటే జిగురు సరిగా పట్టదు. డీఎన్ఏ కోసం నమూనా తీయాలా, తీస్తే ఏ దశలో తీయాలి అన్నది పెట్టె తలుపు మూయకముందే తేల్చుకోవాలి. ప్రతి దశలోనూ ముందు ఫొటో తీస్తారు, ఎందుకంటే తరువాతి దశ పాడైతే వెనక్కి రావడం ఉండదు. ఒకే ఒక్క కవరు, తడబడే ఒక కొత్త ఉద్యోగి, పై నుంచి ఒత్తిడి తెస్తున్న అధికారి: ఇంత ఉత్కంఠ చేతిలో ఉండగా మీరు ఛేజింగ్ సీనుకు పరుగెత్తారు.

1970 నాటి విజయవాడ నేపథ్యంలో ఇంకో కథ రాస్తానన్నారు. అందులో ఇవేవీ పెట్టకండి. లేజరు కాంతిలో వేలిముద్రలు చూడవచ్చని కెనడా పరిశోధకులు ప్రకటించినది 1977లో. జిగురు ఆవిరి పద్ధతి జపాన్ పోలీసుల వద్ద వాడుకలోకి వచ్చినదీ ఆ దశాబ్దం చివరే. మీ అప్పటి ఇన్‌స్పెక్టరుకు పౌడరు, కుంచె చాలు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మీ ముగింపులో ఉంది. ఆ కవరు కిరాణా కొట్టుదేనని రెండో పేజీలో మీరే రాశారు. కొట్టు యజమాని వేలిముద్ర కొట్టు కవరు మీద ఉండకపోతేనే వింత. ముద్ర ఎప్పుడు పడిందో ఏ రంగూ చెప్పదు. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయం కోర్టు ముందుకు వస్తుంది, కానీ అది ముద్ర ఎవరిదన్నంత వరకే. డిఫెన్సు లాయరు ఒక్క ప్రశ్నతో మీ కథను కూల్చేయగలడు. దీనికి దారి ముద్ర పడిన చోటులో వెతకండి. హంతకుడు బిగించి కట్టిన ముడి లోపలి మడతలో ముద్ర దొరికితే, అది కవరు అమ్మినప్పటిది కాదని వాదించడానికి ఆస్కారం ఉంటుంది. అయితే ఆవిరి మడతల్లోకి చేరదు కాబట్టి ముందు ముడి విప్పాలి. విప్పేటప్పుడు ముద్ర చెరగకూడదు. ఆ ముడి ఎవరు, ఎలా విప్పారో రాసి, ఆ భాగం ఒక్కటే పంపినా చదువుతాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి